గాబాన్ నుంచి వచ్చిన విల్లు

ఐసీయూ తలుపు దగ్గర డాక్టర్ రేణు, పర్సిస్‌ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు అంతలా తగ్గించినప్పుడే పర్సిస్‌కి సగం అర్థమైపోయింది.

లోపల మంచం మీద ఉన్న మనిషి సత్యానందం. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరై, నోవైలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఆ ఇంటి బేస్‌మెంట్ నిండా ఆఫ్రికా అడవి తెగల క్రాస్‌బోలే, పిడికి అడ్డంగా బిగించిన విళ్లు. వాటిని వెతికి పట్టుకోవడం, విప్పి కొలతలు తీయడం, ఎవరు ఏ కర్రతో ఎలా చేశారో వ్యాసాలు రాయడం ఆయనకి ఉద్యోగం కన్నా ఎక్కువ. ఈ శనివారం పొద్దున ఆ బేస్‌మెంట్‌లోనే నేలమీద పడి ఉండగా భార్య రూతు చూసింది. వాంతులు. తడబడే మాట. దీపం చుట్టూ పసుపుపచ్చటి వలయం కనిపిస్తోందని ఒక్కసారి అన్నాడట. తర్వాత ఇంకేమీ అనలేదు.

ఆయన రోజూ గుండెకి డిజాక్సిన్ అనే మాత్ర వేసుకుంటాడు. రక్తంలో ఆ మందు ఉండాల్సినదానికన్నా కాస్తే ఎక్కువ ఉంది. గుండె మాత్రం గుప్పెడు మాత్రలు మింగినట్టు తప్పటడుగులు వేస్తోంది. రిపోర్టులో వచ్చిన అంకెని బట్టి విరుగుడు ఇచ్చారు. గంటసేపు కుదురుకున్నట్టే కనిపించి మళ్లీ మొదటికొచ్చింది.

"ఇది ట్యాబ్లెట్ కాదేమోనని నా డౌట్ అక్కా," అంది రేణు. "ఇదే జాతి విషం వేరేది ఉంటే మా టెస్ట్ దాన్ని సరిగ్గా పట్టుకోదు. అప్పుడు ఆ నంబర్ నమ్మొద్దు, ఉన్న మందంతా ఇచ్చెయ్యాలె. కానీ ఇచ్చేస్తే ఇక్కడ ఇంక మిగలదు. ఊరికే డౌట్ అంటే మా సీనియర్ ఒప్పుకోడు. నాకేదన్నా చూపించు."

ఎంత సమయం ఉందని పర్సిస్ అడిగింది. చీకటి పడేదాకా ఉంటాడని తాను చెప్పలేనంది రేణు. కిటికీ బయట మంచు అడ్డంగా కురుస్తోంది. మిషిగన్‌లో జనవరి నెలలో చీకటి పడటానికి ఎంతోసేపు పట్టదు.

పర్సిస్ ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు పోలీసుల్లో ఆరేళ్లు చేసింది. ఈ కేసులోకి ఆమెను ఎవరూ పిలవలేదు. పదేళ్ల వయసులో కాకినాడ నుంచి వచ్చి, ఇంగ్లీషు రాక స్కూల్లో నోరు మెదపని రోజుల్లో, తెలుగు చర్చి సండే స్కూల్లో తనని పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది రూతు. ఆ రూతు ఇప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఉంది. భర్త మాత్రల డబ్బాని వారం వారం సర్దేది ఆవిడే. ఆ డబ్బాలో రాబోయే రెండు రోజుల అరలు ఖాళీగా ఉన్నాయి. ఈ కేసు చూస్తున్న పోలీసు డిటెక్టివ్ మజూర్‌కి అది చాలు.

పర్సిస్ స్టేషన్‌లో రూతుతో కాసేపు మాట్లాడి వచ్చింది. భర్త చావుబతుకుల్లో ఉంటే తనని పక్కన ఉండనివ్వడం లేదన్న బాధ తప్ప ఆవిడ దగ్గర వేరే మాట లేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒక్క సంగతి చెప్పింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర భర్తకీ, ఇంటికొచ్చిన అతిథికీ మాట తేడా వచ్చింది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను" అని సత్యానందం అన్నాడు. దేని గురించో ఆవిడకి తెలియదు. ఇంటి మారు తాళం పర్సిస్ చేతిలో పెట్టి, ఆయన దగ్గరికి పంపించమని చెప్పు తల్లీ అని ఏడ్చింది.

ఆ అతిథి వెయిటింగ్ రూమ్‌లోనే ఉన్నాడు. పేరు వీరభద్రరావు. దక్షిణాన అల్ఫారెట్టా అనే ఊళ్లో డెంటిస్టుగా పనిచేసి మానేశాడు. అతనూ క్రాస్‌బోలు సేకరిస్తాడు. సత్యానందంతో ఇరవై ఏళ్ల స్నేహం. రేపు చర్చిలో జరిగే ఉచిత దంత శిబిరంలో పళ్లు చూడటానికి తన సామాను పట్టుకుని మొన్ననే దిగాడు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే మర్యాద.

పొద్దున తాను రూతు కారులోనే చర్చికి వెళ్లానని, ఆవిడ పాటల ప్రాక్టీసు చేసుకుంటుంటే తాను శిబిరానికి బల్లలు సర్దానని, ఇద్దరూ కలిసే తిరిగొచ్చామని చెప్పాడు. బయల్దేరేటప్పుడు సత్యానందం గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపాడట. అందులో అబద్ధం లేదు. రూతు కూడా పోలీసులకి అదే చెప్పింది.

ఈమధ్య కొత్త విల్లేదైనా వచ్చిందా అని అడిగింది పర్సిస్. గాబాన్ అడవుల్లో ఫాంగ్ తెగవాళ్లు చేసింది, బెల్జియంలో వేలంలో కొన్నది, శుక్రవారం సాయంత్రం పార్సిల్ వచ్చింది. సత్యానందం పెట్టె విప్పి బల్లమీద పెట్టాడు గానీ, పగటి వెలుగులో తప్ప కొత్తదాన్ని ముట్టుకోవడం ఆయనకి అలవాటు లేదని, అందుకే తాను కూడా దాని జోలికి పోలేదని అన్నాడు.

"మీరు పడుకున్నది ఎక్కడ అంకుల్?"

"బేస్‌మెంట్‌లోనే కదమ్మా గెస్ట్ రూమ్."

ఆ తెగవాళ్లు బాణాలకి విషం పూస్తారట కదా అని అడిగింది. పూస్తారు, అన్నాడు. అడవి తీగ గింజల నుంచి తీస్తారు. మన గన్నేరుకి దగ్గర చుట్టం. గుండెని పట్టేస్తుంది. కోతుల్ని కొట్టడానికి వాడేవాళ్లు.

"కానీ నువ్వు అటువైపు వెళ్లి టైమ్ పాడుచేసుకోకు. ఈ బాణాలు తాతలనాటివి. ఆ విషం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఇప్పుడది వట్టి మన్ను."

పర్సిస్ అప్పుడు ఒక పొరపాటు చేసింది. ఎదుటివాడు బెదురుతాడేమో చూద్దామని, రాత్రి భోజనాల దగ్గర మాటలు రూతు ఆంటీ విన్నారు, ఆయన ఏం చెప్తానన్నారు అని సూటిగా అడిగింది.

వీరభద్రరావు కాఫీ కప్పు మూత సరిచేసుకున్నాడు. నింపాదిగా, దాపరికం లేనట్టే చెప్పాడు. తన దగ్గరున్న ఒక విల్లు అసలుది కాదని సత్యానందానికి అనుమానం. పోయిన నెల ఫొటోలు చూసి పట్టుకున్నాడు. అసలువాటి పిడిని కర్ర పీచు వెంట చీలుస్తారు, తనదాన్ని రంపంతో కోసినట్టుందట. వచ్చే నెల ప్రదర్శనలో దాన్నే ముందు నిలబెడుతున్నారు. స్నేహితుల మధ్య ఇలాంటివి ఉంటూనే ఉంటాయి. "రూతు ఇంకెవరికైనా చెప్పిందా?" అని మామూలుగా అడిగాడు. పర్సిస్ కారు తాళాలు తీసుకుని లేచింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి మామూలుగా పావుగంట దారి. ఐ-96 హైవే మీద కార్లు గుద్దుకుని దారి మూసేశారు. టెన్ మైల్ రోడ్డు మీద ముందున్న లారీ జాడల్లో చక్రాలు పెట్టి నడుపుతూ, రూతు ఇచ్చిన తాళంతో ఇంట్లో అడుగుపెట్టింది. బేస్‌మెంట్ మెట్లకి పోలీసులు కట్టిన పసుపు టేపు కింద నుంచి దూరి దిగింది.

గోడల నిండా విళ్లు. మధ్యలో పొడుగాటి బల్ల. బల్లమీద తెల్లగుడ్డ పరిచి, దానిమీద కొత్తది. టీ కప్పు నిండుగా, పైన మీగడ కట్టి ఉంది. భూతద్దం బల్ల కింద పడి ఉంది. అంటే టీ తాగడానికి కూడా ఆగలేదు, నేరుగా విల్లు దగ్గరికే వచ్చాడు. మాత్రలు ఎక్కువై పడినవాడైతే పొద్దుటి నుంచీ కడుపులో తిప్పుతూ ఉండాలి. ఈయన గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపాడు.

విల్లు పక్కన తోలు అమ్ములపొది. అందులో అగరొత్తుల్లా సన్నటి పుల్లలు. అవే బాణాలు. చివర్లన్నీ నల్లటి పూతతో గట్టిపడి ఉన్నాయి. పర్సిస్ గ్లవ్స్ తొడుక్కుని ఒక్కొక్కటే పైకి తీసింది. ఒకదానికి మొన లేదు. తెగినచోట లోపలి కర్ర తెల్లగా, నిన్న మొన్న కోసినట్టుంది. మిగతా పుల్ల అంతా పాతబడి గోధుమరంగులో ఉంది.

మొన ఎక్కడికి పోయిందన్నది ఆలోచిస్తూ ఉండగానే పైన తలుపు చప్పుడైంది. బరువైన బూట్లు మెట్లు దిగాయి.

మజూర్ ఒక్కడే వచ్చాడు. మీసంలో మంచు కరుగుతోంది. పర్సిస్ పోలీసుల్లో చేసిన ఆరేళ్లూ అతని కిందే చేసింది. మూసేసిన ఒక కేసు మళ్లీ తెరవమని ఆమె అడిగింది, అతను తెరవనన్నాడు, ఆమె బ్యాడ్జి బల్లమీద పెట్టి వచ్చేసింది. అప్పటి నుంచీ ఒకరి నీడ ఒకరికి పడదు.

టేపు దాటినందుకు ఇప్పుడే అరెస్టు చేయొచ్చన్నాడు ఇంగ్లీషులో. చేయమంది. ముందు ఈ విల్లునీ ఈ బాణాల్నీ ఆస్పత్రికి పంపమంది. మజూర్ తల అడ్డంగా ఊపాడు. మాత్రల డబ్బా దొరికింది, డబ్బా సర్దే మనిషి దొరికింది, ఒంటిమీద బాణం దిగిన గాయం లేదు. ఇంక విళ్లతో పనేమిటి?

"రూతు ఆంటీ ఆ పని చేసి ఉంటే ఖాళీ అరలు మీరు చూడ్డానికి వదిలేస్తుందా? అతిథి కూడా ఆ డబ్బా పక్కనే భోంచేశాడు, అరలు ఖాళీ చేయడం అతనికీ కుదిరేది."

"నీకు ఆవిడంటే ప్రేమ. ప్రేమ ఉన్నవాళ్లు ఏదీ చూడలేరు. అప్పుడూ నీకు ఇదే చెప్పాను."

"అప్పుడు మీరు చెప్పింది తప్పు. ఇప్పుడు కూడా తప్పయితే ఒక మనిషి చచ్చిపోతాడు."

మజూర్ ముఖం గట్టిపడింది. జేబులోంచి నీలం గ్లవ్స్ తీసి తొడుక్కున్నాడు. వాదన ముగిద్దామన్నట్టు బల్లమీది విల్లుని పైకెత్తాడు. నారి వదులుగా వేలాడుతోంది. దీన్ని ఎక్కుపెట్టాలంటే రెండు కాళ్లూ విల్లుమీద పెట్టి నడుం పడేలా లాగాలి, దీంతో ఎవరు ఎవరిని కొట్టారు చెప్పు అన్నాడు. ఆ పిడి పొడవునా చీలి రెండు బద్దలుగా ఉంటుంది. కింది బద్దకి ఒక చిన్న చీల బిగించి ఉంటుంది. రెండు బద్దల్నీ దగ్గరికి నొక్కితే ఆ చీల పై బద్ద కన్నంలోంచి పైకి వచ్చి, గాడిలో ఉన్న నారిని ఎగదోస్తుంది. బాణం వెళ్లిపోతుంది. ట్రిగ్గర్ మొత్తం అంతే. మజూర్ బొటనవేలు గాడి మీద ఆనించి, బద్దలు రెండూ నొక్కి వదిలాడు. చీల టక్కున లేచి దిగింది.

"బొమ్మ," అన్నాడు, దాన్ని గుడ్డమీద పెట్టేస్తూ. "పైకి నడు."

పర్సిస్ కదల్లేదు. తెగిన మొన ఆమె బుర్రలోంచి పోలేదు. ఒక్క నిమిషం ఇమ్మని అడిగి, సంచిలోంచి అల్ట్రావయొలెట్ టార్చి తీసి గది దీపం ఆర్పింది. నారికేమైనా పూశారేమో చూద్దామనుకుంది. నారి మీద ఏమీ లేదు. పిడి మీద ఏమీ లేదు. బద్దలు మెల్లగా దగ్గరికి నొక్కి చీలని పైకి లేపింది. చీల నెత్తిమీద, ఆవగింజంత చోట, నీలితెలుపు చుక్క ఒకటి వెలిగింది.

నూరేళ్లనాటి అడవి కర్ర అలా వెలగదు. అలా వెలిగేదేమిటో ఆమెకి తెలుసు. కాలిపోయిన ఒక శవాన్ని గుర్తుపట్టాల్సి వచ్చినప్పుడు ఇదే రంగు టార్చి పట్టుకుని ఇదే మజూర్ ఆమెకి చూపించాడు. డెంటిస్టు పన్నులో కన్నం పూడ్చిన చోట, అసలు పన్నుకన్నా ప్రకాశంగా, సరిగ్గా ఇలాగే మెరిసింది.

భూతద్దం తీసి చూసింది. చీల నెత్తిన సన్నటి కన్నం తొలిచారు. అందులో నల్లటి మొన నిలబెట్టి చుట్టూ పళ్లసిమెంటు నింపారు. కొన పైకి కనీకనపడకుండా ఉంది. ఇలాంటి విల్లు చేతికొచ్చిన ఏ మనిషయినా మొదట చేసే పని గాడి మీద వేలుంచి పిడి నొక్కడమే. సత్యానందం పొద్దుటి వెలుగులో అదే చేశాడు. అప్పుడు వీరభద్రరావు చర్చిలో, పదిమంది ఎదురుగా బల్లలు సర్దుతున్నాడు.

పర్సిస్ దీపం వేసింది.

"ఆ గ్లవ్ తీయండి."

మజూర్ చికాకుగా చూశాడు. ఆమె ముఖం చూసి మాట్లాడకుండా తీశాడు. బొటనవేలి చివర చిన్న ఎర్రచుక్క. చర్మం కాస్త గీరుకున్నట్టుంది. నొప్పి కూడా తెలియలేదన్నాడు. ఆమె టార్చి అతని చేతికిచ్చి చీలని చూపించింది. అతను చాలాసేపు చూశాడు. పళ్లు, అన్నాడు నెమ్మదిగా. తర్వాత, ఆ డెంటిస్టు, అన్నాడు.

అంబులెన్సు అడిగితే ఐ-96 దగ్గర అన్నీ ఇరుక్కున్నాయన్నారు. పర్సిస్ విల్లునీ అమ్ములపొదినీ ఆధారాల సంచిలో వేసి, మజూర్‌ని చెయ్యి గుండెకన్నా కిందికి పెట్టుకోమని చెప్పి తన కారులో కూర్చోబెట్టింది. వీధి మలుపు తిరుగుతూనే స్పీకర్ ఆన్ చేసి రేణుకి ఫోన్ చేసింది. కావాలనే పూర్తిగా తెలుగులో మాట్లాడింది. బాణం మొన, గన్నేరు జాతి విషం, సిమెంటు, అన్నీ చెప్పి, బయల్దేరేముందే తీసి పంపిన చీల ఫొటోలు చూడమంది. నూరేళ్లయితే ఆ విషం చచ్చిపోతుందా అని అడిగింది.

"ఎండబెట్టి ఉంచితే ఎన్నాళ్లయినా ఉంటది అక్కా. సీనియర్ ఇక్కడే ఉన్నడు, ఫొటోలు చూస్తున్నడు, ఓకే అంటున్నడు. అంకుల్‌కి ఇప్పుడే ఇచ్చేస్తున్నం. ఇవే లాస్ట్ వయల్స్, ఇంక మందు లేదు."

"నా పక్కన ఇంకొకరు ఉన్నారు రేణూ. ఆయనకీ గుచ్చుకుంది."

"ఆన్ ఆర్బర్ హాస్పిటల్ నుంచి మందు తెప్పిస్తున్నం. రోడ్స్ క్లోజ్. ఎప్పుడొస్తాయో చెప్పలేను. తీసుకొని రా, చూద్దాం."

ఫోన్ పెట్టేశాక మజూర్ అద్దంలోంచి బయటికి చూస్తూ, మందు ఎంత ఉందంటోంది అని అడిగాడు.

"ఇద్దరికీ సరిపోతుంది," అంది పర్సిస్.

అతను సరే అన్నాడు. కాసేపటికి కారు ఆపమని, తలుపు తెరిచి మంచులోకి వాంతి చేసుకున్నాడు. మళ్లీ కూర్చున్నప్పుడు పెదవులు తెల్లబడ్డాయి. చేతి గడియారంలో నాడి చూసుకున్నాడు, ఆ అంకె ఆమెకి చెప్పలేదు. రేడియో తీసి స్టేషన్‌ని పిలిచాడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ, అయినా సాక్షి పెట్టెలో నిలబడి చెప్తున్నట్టు స్పష్టంగా చెప్పాడు. చీలలో విషపు మొన ఉంది. దాన్ని నింపింది పళ్లసిమెంటుతో. చూసింది పర్సిస్, తాను కాదు. వీరభద్రరావుని ఆస్పత్రిలోనే పట్టుకోండి. రూతుని వెంటనే వదిలేయండి, నేను పొరబడ్డానని ఆవిడకి చెప్పండి.

రేడియోలో అమ్మాయి ఒక నిమిషం ఆగమని, తిరిగి వచ్చింది.

"సార్, ఆవిడని వదిలేసి కాసేపైంది. ఛార్జి లేకుండా ఇంక ఉంచలేమని మీ పార్ట్‌నరే పంపించారు. ఫ్యామిలీ ఫ్రెండ్ ఎవరో వచ్చి తీసుకెళ్లారు. పెద్దాయన, తెల్లజుట్టు. ముందు ఇంటికెళ్లి ఆవిడ బట్టలు మార్చుకున్నాక ఆస్పత్రికి వెళ్తామన్నారట."

రాత్రి మాటలు రూతు విన్నదని వీరభద్రరావుకి చెప్పింది పర్సిసే. విల్లు ఇంకా ఇంట్లోనే ఉందనుకుంటాడు, వెళ్తే చీలలోని మొన తీసేయొచ్చు, విన్న మనిషిని కూడా లేకుండా చేయొచ్చు. భర్తకి విషం పెట్టి పశ్చాత్తాపంతో తనూ పోయిందంటే పోలీసులే నమ్ముతారు. పొద్దుటి నుంచీ వాళ్లు చెప్తున్న కథే అది. రూతుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పోలీసు కార్లు పంపమని మజూర్ రేడియోలో అడిగాడు. అన్నీ హైవే దగ్గరే ఉన్నాయి, బయటపడి వచ్చేసరికి అరగంటయినా పడుతుందన్నారు.

ఎదురుగా సిగ్నల్ ఎర్రగా ఉంది. దాని అవతల ఆస్పత్రికి వెళ్లే దారి. వెనక, మంచులో, ఇల్లు.

"కారు తిప్పు," అన్నాడు మజూర్.

"ముందు మిమ్మల్ని దింపాలి. మీ పెదవులు చూసుకోండి."

"దింపి ఏం చేస్తావు? అక్కడ నాకు మందు లేదు." అతను సీటుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "లాస్ట్ వయల్స్ అంది. రోడ్స్ క్లోజ్ అంది. తెలుగులో మాట్లాడితే నాకు తెలియదనుకున్నావు గానీ, మీ భాషలో సగం మాటలు మా భాషవే పర్సిస్."

చీకటి పడుతోంది. మజూర్ కళ్లు తెరవకుండానే కోటు పక్కకి తొలగించి, తుపాకీ తీసి ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాడు.

"నా చెయ్యి వణుకుతోంది," అన్నాడు. "అది నువ్వు తీసుకో."

సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. పర్సిస్ స్టీరింగ్ పూర్తిగా తిప్పింది.